నేరమంతా గడ్డిదే

గడ్డి డాక్టరు గారి లెక్కలో లోకంలో జరిగే ప్రతి అనర్థానికీ కారణం ఒక్కటే: గడ్డి. కుందేలు చెవి గోక్కుంటే గడ్డి. వీపు మీద చుండ్రు రాలితే గడ్డి. అలిగి మూల కూర్చుంటే గడ్డి. ఒకసారి ఆయన స్కూటర్ స్టార్టు కాకపోతే, మెకానిక్కు ఇంకా స్పానరు చేత పట్టకముందే, "నిన్న ఆ గడ్డికొట్టు ముందు ఆపాను, అదీ సంగతి" అని తేల్చేశారు.

ఆ గడ్డికొట్టు పరాయివాళ్ళదైతే ఎవరికీ ఏ బాధా లేకపోయేది. అది ఆయన సొంత బావమరిదిది. అంటే డాక్టరమ్మకి తోడబుట్టిన తమ్ముడిది. మొగుడు రోజుకు నాలుగుసార్లు తమ్ముడి కొట్టును తిట్టడం, అది విని వచ్చినవాళ్ళంతా అయ్యో అని తలలూపడం, లోపల మైక్రోస్కోపు గాజుపలకలు కడుగుతూ ఆవిడ పళ్ళు నూరుకోవడం. ఆ ఇంట్లో ఆరేళ్ళుగా నడుస్తున్న తంతు ఇది.

ఇంటి ముందుగదే ఆసుపత్రి. నాలుగు కుర్చీలు, ఒక రేకు బల్ల, ఒక తూకం, కిటికీ పక్కన మైక్రోస్కోపు. కుక్కలున్నవాళ్ళు మెయిన్ రోడ్డు మీది అద్దాల ఆసుపత్రికి పోతారు. ఈయన దగ్గరికి వచ్చేవి కుందేళ్ళే. వచ్చిన కుందేళ్ళలో సగానికి ఒంటిమీదో చెవిలోనో కంటికి ఆనని పురుగులే. డాక్టరు గారు పెచ్చు గీసి ఇస్తే, దాన్ని గాజుపలక మీద నూనెచుక్కలో వేసి మైక్రోస్కోపు కింద పెట్టడం డాక్టరమ్మ పని. ఆవిడ చదివింది అయిదో తరగతి. అయినా ఇరవై రెండేళ్ళుగా చూసీ చూసీ, ఏ పురుగు ఏదో, ఎంత కాలంగా కాపురం పెట్టిందో మొగుడికన్నా ముందే చెప్పేయగలదు.

డాక్టరు గారి నోరు మంచిది కాదు. కుందేళ్ళతో "ఏమ్మా, ఏం నాయనా" అని మాట్లాడేవారు. వాటిని తెచ్చిన మనుషుల మీద మాత్రం ఒంటికాలి మీద లేచేవారు.

ఓసారి వీధి చివర దర్జీ తన కుందేలును చంకలో పెట్టుకుని వచ్చాడు.

"చుండ్రు సార్. మెడ వెనకంతా తెల్లగా రాలుతోంది. తలంటు పోద్దామనుకున్నా."

"పోశావా?" అని గుడ్లురిమారు డాక్టరు గారు.

"లేదు సార్. మా ఆవిడ ఆగమంది."

"నీ ఇంట్లో ఒకరికైనా బుర్ర ఉందన్నమాట. కుందేలుకు తలంటు పోస్తే హడలిపోయి గుండె ఆగి చస్తుందయ్యా!" అంటూ బొచ్చు పాయ తీసి, అతికించే టేపు ముక్క ఒకటి చర్మానికి అద్ది తీసి భార్యకు ఇచ్చారు. ఆవిడ దాన్ని గాజుపలకకు అంటించి మైక్రోస్కోపులోకి తొంగి చూసింది.

"నడుస్తోందండీ" అంది.

"విన్నావా? నీ చుండ్రు నడుస్తోందిట. నువ్వే వచ్చి చూడు."

దర్జీ చూశాడు. చూసిన క్షణం నుంచీ రెండు చేతులతో తన ఒళ్ళంతా గోక్కోవడం మొదలుపెట్టాడు. గోక్కుంటూనే జేబులోంచి ఒక చిన్న సీసా తీశాడు. "మరి ఇది వెయ్యనా సార్? మా పక్కింటాయన కుక్కకి వేస్తాడు, ఒక్క చుక్కతో పురుగులన్నీ..."

డాక్టరు గారు ఆ సీసా లాక్కుని చెత్తబుట్టలో పడేశారు. "కుక్కకి మందు, కుందేలుకి విషం. అది కుక్క కాదు, నువ్వు డాక్టరువి కాదు. ఇదిగో, మెడ వెనక ఈ మందు నేను వేస్తా. పద్నాలుగు రోజులకి మళ్ళీ తే, ఆ తర్వాత పద్నాలుగు రోజులకి ఇంకోసారి. తగ్గింది కదాని మానేశావో, గుడ్లు పిల్లలై మళ్ళీ మొదటికొస్తుంది. గూట్లో పరుపంతా తీసి కాల్చెయ్."

దర్జీ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి గొంతు తగ్గించాడు. "సార్, ఒక్క మాట. ఇది మా చెల్లెలి కుందేలు నుంచే వచ్చిందంటోంది మా ఆవిడ. పోయిన నెల వాళ్ళు నాలుగు రోజులు ఉండి వెళ్ళారు లెండి. నిజమేనంటారా?"

డాక్టరు గారు బల్ల మీద గుద్దారు. తూకం ఎగిరిపడింది.

"గడ్డి! ఆ కొట్లో గడ్డి! నా బామ్మర్ది తుక్కంతా తెచ్చి మోపులు కట్టి అమ్ముతున్నాడు! చెల్లెలూ లేదు, గిల్లెలూ లేదు. వెళ్ళి మీ ఆవిడతో చెప్పు, గడ్డి అని!"

లోపల డాక్టరమ్మ చేతిలో గాజుపలక పుటుక్కున విరిగింది.

ఇలాంటి మాట బయటికి పోయిన గంటకల్లా తమ్ముడు చొక్కా చేతులు మడుచుకుంటూ దిగేవాడు. బావా బామ్మర్దుల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఇక ఎండుగడ్డి సంగతి చెప్పేదేముంది?

"ఏం బావా, నా గడ్డి మీద పడ్డావట మళ్ళీ?"

"పడక? నీ గడ్డిలో పురుగులు ఊరేగుతున్నాయి!"

"నా గడ్డి గుర్రాలు తింటాయి బావా, గుర్రాలు!"

"గుర్రాలకి నోరు లేక తింటున్నాయి!"

కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు వచ్చిన పని మరిచిపోయి తలలు అటూ ఇటూ తిప్పుతూ చూసేవారు. చివరికి తమ్ముడు "నీ గడప తొక్కితే ఒట్టు" అని అరిచి వెళ్ళిపోయేవాడు. మర్నాడు మళ్ళీ తొక్కేవాడు.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకున్నారు. డాక్టరమ్మకి మాత్రం అది నవ్వులాట కాదు. ఆరేళ్ళుగా తమ్ముడు ఆ ఇంట్లో కూర్చుని ఒక్క ముద్ద తినలేదు. ఆవిడ తమ్ముడితో నాలుగు మాటలాడాలంటే వెనక గుమ్మంలోంచి, దొంగతనానికి పోయినట్టు పోవలసిందే. కుందేళ్ళవాళ్ళంతా ఆ కొట్టు వైపు చూడటం మానేశారు. అడిగితే మొగుడు, "నిజం చెప్పకుండా ఉండనా?" అంటారు. నిజమేదో ఆవిడ మైక్రోస్కోపులో చూస్తూనే ఉంది. గడ్డి వల్ల రావడం లేదని కాదు, వందకి ఒకటి వస్తుందేమో. ఈయనకి వందకి వందా గడ్డే. ఇంత చదువు చదివి ఈ మనిషికి ఈ మొండి గుడ్డితనమేమిటో, లేక తన పుట్టింటి మీద ఏ కక్ష ఉందో ఆవిడకు అర్థమయ్యేది కాదు. చేదు మందు మింగినట్టు మింగి ఊరుకునేది.

అలా ఉండగా ఒక పొద్దున్న మేడ ఇంటి పెద్దావిడ దిగింది. వెంట రెండు బుట్టలు, ఇద్దరు పిల్లలు, వెనకాల ఒక కోడలు.

ఆ ఇంటి సంగతి వీధంతటికీ తెలిసిందే. పెద్దావిడ కొడుక్కి మొదటి భార్య పోయింది, ఒక కొడుకు. మూడు నెలల కిందట మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వచ్చినావిడకీ మొదటి భర్త లేడు, తొమ్మిదేళ్ళ కూతురుంది. ఆ పిల్లతో పాటు ఒక చెవులు వాలిన బూడిదరంగు కుందేలూ వచ్చింది. కుర్రాడికి అప్పటికే ఒక తెల్ల కుందేలు ఉంది.

కుర్చీ ఖాళీగా ఉన్నా కొత్త కోడలు కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది. పిల్ల చేతిలో బుట్ట కాక ఒక గుడ్డసంచి కూడా ఉంది. అందులోంచి కుందేలు నీళ్ళ గిన్నె, దువ్వెన కనబడుతున్నాయి. మందుకు తెచ్చిన కుందేలు వెంట గిన్నే దువ్వెనా ఎందుకో డాక్టరమ్మకి ముందు తట్టలేదు.

పెద్దావిడే తట్టించింది. "డాక్టరు గారూ, మందు సంగతి తర్వాత. ముందు ఒక్క మాట తేల్చండి. మావాడి కుందేలు పది రోజులుగా తల విదిలించేస్తోంది. ఈ జబ్బు దేన్నించి దేనికొచ్చింది? ఇది తెచ్చిందే అయితే..." అని బూడిద కుందేలు వైపు గడ్డం చూపించింది, "ఇటు నుంచి ఇటే ఎవరికన్నా ఇచ్చేసి పోతాం. ఇంట్లో అడుగుపెట్టనివ్వను."

"నానమ్మా, వద్దు నానమ్మా" అన్నాడు కుర్రాడు.

"నువ్వుండరా! వీళ్ళు వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఏదో ఒకటి. పాలు విరిగాయి, కుళాయి చెడింది, ఇప్పుడిది."

పిల్ల సంచి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. గుమ్మం దగ్గర తల్లి నేలకేసి చూస్తోంది. తేల్చమన్నది కుందేలు గురించి ఒక్కదాని గురించే కాదని ఆ గదిలో అందరికీ తెలుసు.

డాక్టరు గారు ముందు తెల్లదాన్ని బల్ల మీద పెట్టించారు. చెవిలో కాస్త ఎరుపు, అడుగున పల్చగా పొట్టు, పక్కన గీరుకుపోయిన గాటు.

"ఈ గాటేమిటి?"

"తలపిన్నుతో కొంచెం తీశానండీ, శుభ్రంగా ఉంటుందని" అంది పెద్దావిడ.

"తలపిన్నా! మీ చెవిలో పుండుంటే నేను గడ్డపార పెట్టి తవ్వనా? పెచ్చులు పీకకూడదమ్మా, ప్రాణం పోయేంత నొప్పి. మందు పడితే వాటంతటవే ఊడతాయి."

తర్వాత బూడిదదాని వాలిన చెవి ఎత్తారు. చెవి నిండా గోధుమరంగు పెచ్చులు, పొర మీద పొర, తడిసిన అట్టముక్కలు కుక్కినట్టు. డాక్టరమ్మ పక్కనుంచి చూసింది. అది పది రోజుల జబ్బు కాదు, నెల రోజులదీ కాదు. మూడు నాలుగు నెలలుగా ముదిరింది. అంటే ఆ ఇంటికి వచ్చేటప్పుడే చెవిలో పెట్టుకుని వచ్చింది. తెల్లదానికి మొన్న మొన్న అంటింది. గాజుపలకలు రెండూ చూసింది: ఒకదాంట్లో అక్కడొకటీ ఇక్కడొకటీ, ఇంకోదాంట్లో సంత. ఇక సందేహం లేదు.

చేతులు కడుక్కుంటున్న మొగుడి వైపు చూసింది. ఎప్పుడూ అర నిమిషంలో కడిగేసే మనిషి, వేలు వేలూ రుద్దుకుంటున్నారు. తర్వాత తువ్వాలతో తుడుచుకుని, వెనక్కి తిరిగి బల్ల మీద గుద్దారు.

"గడ్డి! ఆ కొట్లో గడ్డి! నా బామ్మర్ది..."

"అంటారని తెలుసు" అంది పెద్దావిడ, ఎంతో నింపాదిగా. "పోయినేడు పిల్లాడి కుందేలు బొచ్చు ఊడితే మీరు చెప్పింది అదే కదా? ఆ రోజు నుంచి ఆ కొట్లో ఒక్క పోచ కొంటే ఒట్టు. నేనే గడ్డి కోయించి, మూడు నీళ్ళల్లో జాడించి, మేడ మీద దుప్పటి పరిచి ఎండబెడుతున్నా. పోచ పోచా నా చేతులతో ఏరి పెడుతున్నా. ఇప్పుడు చెప్పండి. నా గడ్డిలో ఉన్నాయా పురుగులు?"

గడ్డి తప్ప ఇంకో కారణం డాక్టరు గారి దగ్గర లేదు. ఆరేళ్ళుగా అవసరం పడలేదు.

సరిగ్గా అప్పుడే, రోజువారీ పోట్లాటకి తమ్ముడు చొక్కా చేతులు మడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "ఏం బావా, మళ్ళీ నా గడ్డి..." అని మొదలెట్టినవాడు పిల్లనీ, సంచినీ, పెద్దావిడనీ చూసి ఆగాడు. డాక్టరు గారు అతని వైపు చూశారు. అది శత్రువు వైపు చూసే చూపు కాదు. నీళ్ళల్లో మునిగేవాడు ఒడ్డునున్నవాడి వైపు చూసే చూపు. తమ్ముడు కళ్ళతోనే, లాభం లేదు బావా అన్నట్టు, తల అడ్డంగా ఊపాడు.

డాక్టరమ్మ ఆ చూపు పట్టేసింది. ఆరేళ్ళ పోట్లాటలన్నీ ఆవిడ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. ఈ ఇద్దరూ ఒకటే! ఈ మనిషికి అంతా తెలుసు. ప్రతిసారీ తెలుసు. దర్జీ చెల్లెలి సంగతీ తెలుసు. ఒళ్ళు భగ్గున మండింది. తనని ఒక్కదాన్నే వెర్రిదాన్ని చేశారు.

పిల్ల అప్పటికి లేచింది. కుందేలును తనే బుట్టలోకి ఎత్తుకుని, ఎవరి వైపూ చూడకుండా, "ఎవరికిస్తారు?" అంది.

"ఆగు పాపా" అంది డాక్టరమ్మ. అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఇరవై రెండేళ్ళలో మనుషులున్నప్పుడు ఆవిడ బల్ల దగ్గర నోరు విప్పిందే లేదు.

"తప్పు నాదండీ. అయిదు వారాల కిందట మీ అబ్బాయి ఈ రెండింటినీ గోళ్ళు తీయించడానికి తెచ్చారా లేదా? ఆ రోజు ఈయన ఊళ్ళో లేరు. గోళ్ళు నేనే తీశాను. వీటికి ముందు ఒక గజ్జి కుందేలు వచ్చి వెళ్ళింది. దాన్ని పెట్టిన తువ్వాల మార్చలేదు. మీవి రెండూ ఆ తువ్వాల మీదే పెట్టాను. రెండింటికీ ఒక్క రోజే అంటింది. దీని చెవులు వాలుచెవులు, లోపల గాలాడదు, అందుకని ఎక్కువ ముదిరింది. అంతే."

తువ్వాల సంగతి ఒక్క ముక్క కూడా నిజం కాదు. ఆసుపత్రి తువ్వాలలు ఆవిడ రోజూ రెండుసార్లు మరిగే నీళ్ళల్లో వేస్తుంది. గోళ్ళు తీసినది మాత్రం నిజం. ఆ రోజు ఆ వాలిన చెవి ఒక్కసారి ఎత్తి చూసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదన్నదీ నిజం. అందుకే కాబోలు, జన్మలో అబద్ధమాడటం రాని మనిషికి ఆ అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది.

పెద్దావిడ పైకి లేచింది. మేడ మీద గడ్డి పోచ పోచా ఏరినప్పటి ఓపికంతా అయిపోయింది.

"సిగ్గుండాలి! ఇంత వయసొచ్చింది, ఒక తువ్వాల ఉతకడం చేతకాదూ? మురికి తువ్వాల మీద పెడతావా నోరులేని ప్రాణాల్ని? నీ వల్ల నేను నా ఇంట్లో పిల్లని, పసిపిల్లని, అనరాని మాటలన్నాను కదే! ఆ పాపం నీదే!"

"నాదేనండీ" అంది డాక్టరమ్మ.

"ఏం డాక్టరండీ మీరు, పెళ్ళాం ఏం చేస్తోందో చూసుకోరూ? ఊరికే గడ్డీ గడ్డీ అని ఆ బామ్మర్దిని ఆడిపోసుకుంటారు!"

డాక్టరు గారు తలొంచుకుని, "చూసుకుంటానమ్మా" అన్నారు. ఆయన నోట్లోంచి అంత మెత్తని మాట మనుషుల కోసం రావడం అదే మొదలు. రెండు కుందేళ్ళకీ మెడ వెనక చుక్కలు వేశారు. పద్నాలుగు రోజుల లెక్క చెప్పారు. గూళ్ళు రెండూ వేడినీళ్ళతో కడగమన్నారు. పెద్దావిడ తిడుతూనే మెట్లు దిగింది. పిల్ల గుమ్మం దాటుతూ సంచి వాళ్ళమ్మ చేతికిచ్చి, కుందేలు బుట్టను రెండు చేతులా పట్టుకుంది.

వాళ్ళు మలుపు తిరిగేదాకా ముగ్గురూ కదల్లేదు. తర్వాత డాక్టరమ్మ తలుపు ఓరగా వేసి తిరిగింది.

"ఇప్పుడు చెప్పండి. ఆరేళ్ళు. ఎందుకు?"

డాక్టరు గారు కిటికీకేసి చూశారు. తమ్ముడే అందుకున్నాడు.

"పైవాటా కిందవాటా అక్కచెల్లెళ్ళు గుర్తున్నారా అక్కా? బావ ఉన్నదున్నట్టు చెప్పాడు, చెల్లెలి కుందేలు నుంచి అక్క కుందేలుకొచ్చిందని. ఆ సాయంత్రం చెల్లెలి కుందేల్ని అట్టపెట్టెలో పెట్టి మీ గుమ్మం ముందు వదిలేసి పోయారు. ఆ ఇద్దరికీ ఇవాళ్టికీ మాటల్లేవు. వచ్చినవాళ్ళకి రోగం తగ్గడం కన్నా ఎవరి మీద నెట్టాలా అన్నదే ముఖ్యం అక్కా. మర్నాడు బావ నా కొట్టుకొచ్చి, ఒరేయ్, ఎవరి మీదో ఒకరి మీద నెట్టాలి, నీ మీద నెట్టుకోనా అన్నాడు. నెట్టుకో బావా, కుందేళ్ళు తినేదెంత, నాకు గుర్రాలున్నాయి అన్నా."

"మరి ఆ పోట్లాటలు?"

"పోట్లాడకపోతే ఎవరు నమ్ముతారే?" అన్నారు డాక్టరు గారు.

"నాకెందుకు చెప్పలేదు?"

బావా బామ్మర్దీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీకు దాచడం రాదు కదక్కా" అన్నాడు తమ్ముడు. "నీ మొహం చూస్తే రెండు నిమిషాల్లో బయటపడిపోతుంది."

"ఇవాళ పడిందా?"

ఆవిడ ఆ రోజు ఇద్దరితోనూ మాట్లాడలేదు. మర్నాడు కూడా మాట్లాడలేదు. మూడోరోజున ముగ్గురికీ కంచాలు పెట్టింది గానీ, వడ్డించేటప్పుడు గరిటె చప్పుడు వీధి చివరిదాకా వినబడింది.

ఆ పద్నాలుగు రోజులూ ఆవిడ పరువు వీధిలో గుడ్డపేలికలయింది. పెద్దావిడ కలిసిన ప్రతి మనిషికీ తువ్వాల కథ చెప్పింది. కుందేలుతో వచ్చినవాళ్ళు బల్ల మీద పెట్టేముందు తువ్వాల అంచు ఎత్తి వాసన చూసేవారు. "ఉతికిందేనా అమ్మా ఇది?" అని దర్జీ కూడా అడిగాడు. "ఉతికిందే" అని ప్రతివాడికీ చెప్పుకోవలసి వచ్చింది. తమ్ముడి కొట్టుకు మాత్రం కుందేళ్ళవాళ్ళు ఒక్కొక్కరే తిరిగి రావడం మొదలుపెట్టారు. ఆ సంగతి చెప్పడానికి తమ్ముడు నవ్వుతూ వస్తే, "నవ్వకు" అంది ఆవిడ.

పద్నాలుగో రోజున పెద్దావిడ మళ్ళీ వచ్చింది. ఈసారి బుట్ట ఒక్కటే. అందులో తెల్లదీ బూడిదదీ ఒకదాని మీద ఒకటి మెడలు వేసుకుని పడుకున్నాయి. ఆసుపత్రి బల్లని నమ్మకుండా ఆవిడే ఇంటి నుంచి ఉతికిన దుప్పటి తెచ్చి, నాలుగు మడతలేసి పరిచింది. బూడిదదాన్ని తనే ఎత్తి, వాలిన చెవి జాగ్రత్తగా పట్టుకుని చూపించింది. పెచ్చులు చాలావరకు ఊడిపోయాయి, అడుగున లేత గులాబీ చర్మం.

కుర్చీలో ఉన్న ఒకాయన పలకరింపుగా, "ఏదండీ మీ కుందేలు, తెల్లదా?" అని అడిగాడు.

"రెండూ మావే" అంది పెద్దావిడ చిరాగ్గా. "ఇద్దరు పిల్లలుంటే ఒక్క కుందేలు సరిపోతుందా? మీరు మాత్రం ఇక్కడి తువ్వాల మీద పెట్టకండి, నా మాట వినండి." తర్వాత పిల్ల వైపు తిరిగి, "ఇవ్వమ్మా, తెచ్చింది ఇవ్వు" అంది.

పిల్ల ముందుకొచ్చి డాక్టరమ్మ చేతిలో కాగితం విప్పని కొత్త బట్టల సబ్బు ఒకటి పెట్టింది. తల పైకెత్తి ఆవిడ కళ్ళలోకి కాసేపు చూసింది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఎంత తెలిసిందో ఏమో, చెప్పడం కష్టం.

బల్ల అవతల డాక్టరు గారు మందు సీసా మూతతో అక్కర్లేనంత సేపు కుస్తీ పడుతున్నారు.

డాక్టరమ్మ సబ్బును రెండు చేతులా అందుకుని, పెద్దావిడ వైపు తిరిగి ఎంతో వినయంగా, "ఎంతసేపు నానబెట్టమంటారండీ?" అని అడిగింది.

పెద్దావిడ కుర్చీ ముందుకు లాక్కుని, నేర్పడం మొదలుపెట్టింది.